‘నెలకొల్పవచ్చు’: వృద్ధాశ్రమాల చట్టంలో ఒక క్రియాపదం

2007 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో రెండు రకాల క్రియలు కనిపిస్తాయి. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల ఆలనాపాలనా చూడటం సంతానానికి విధి. ప్రభుత్వం దగ్గరకు వచ్చేసరికి భాష మెత్తబడుతుంది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్రాలు ఆశ్రమాలు ‘నెలకొల్పవచ్చు’. నెలకొల్పాలి అని ఆ చట్టంలోని 19వ సెక్షన్ అనలేదు. భారతదేశంలో వృద్ధుల సంరక్షణకు ఎవరు డబ్బు చెల్లించాలన్న ప్రశ్నకు దశాబ్దాలుగా దొరుకుతున్న జవాబు ఆ రెండు క్రియల తేడాలోనే ఉంది.

వృద్ధాశ్రమం మన నేలకు పరాయిదన్న మాట రాజకీయ వేదికల మీద తరచు వినిపిస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. కలకత్తాకు 1882లోనే ‘లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్’ అనే కాథలిక్ సన్యాసినుల సంఘం వచ్చి, దిక్కులేని వృద్ధుల కోసం ఆశ్రమం తెరిచింది. కాశీ, బృందావనాల్లో వితంతువులు సత్రాలలోనూ భజనాశ్రమాలలోనూ చివరి రోజులు గడిపిన సంగతి అందరికీ తెలిసిందే. ఉమ్మడి కుటుంబం ఎందరిని అక్కున చేర్చుకుందో లెక్క చెప్పేవారు, ఎందరిని వాకిట బయట నిలబెట్టిందో చెప్పరు.

స్వతంత్ర భారత రాజ్యాంగం 41వ అధికరణలో వృద్ధాప్యానికి ప్రభుత్వ సాయాన్ని ప్రస్తావించింది. అయితే దానికి ‘ఆర్థిక సామర్థ్యానికి లోబడి’ అన్న షరతు జోడించింది. పైగా అది కోర్టుకెక్కి సాధించుకోలేని ఆదేశిక సూత్రం. ఇంటి బాధ్యతకు మాత్రం చట్టబలం త్వరగానే అందింది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణను సంతానంపై ఉంచింది. బ్రిటిష్ కాలపు 1898 నేర విచారణ స్మృతి భార్యాబిడ్డలకే భరణం ఇప్పించగా, 1973 స్మృతిలోని 125వ సెక్షన్ తల్లిదండ్రులనూ చేర్చింది. పెళ్లయిన కూతురికీ ఈ బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. కుటుంబంపై పట్టు ఇలా బిగుస్తూ వచ్చిన కాలంలోనే, 1960లో అనాథాశ్రమాలు, ధర్మ సంస్థల పర్యవేక్షణకు కేంద్రం చేసిన చట్టం మహిళలు, పిల్లల గృహాలకే పరిమితమైంది. వృద్ధుల ఆశ్రమం ఎవరి తనిఖీకీ అందని చోటుగా మిగిలింది.

ఖజానా నుంచి వచ్చింది స్వల్పం. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. 2006లో కేంద్రం తన వాటాను 200 రూపాయలకు పెంచింది. 80 ఏళ్ల లోపు వారికి ఆ తరువాత పెంచిందే లేదు. తెలుగు రాష్ట్రాలు సొంత నిధులతో అంతకు ఎన్నో రెట్లు ఇస్తున్నందువల్ల ఇక్కడి ఓటరు దృష్టికి ఢిల్లీ పిసినారితనం రాదు.

2007 చట్టానికి అప్పటి సామాజిక న్యాయ మంత్రి మీరా కుమార్ సారథ్యం వహించారు. న్యాయవాదులు లేకుండానే ట్రిబ్యునల్‌లో వాదన వినిపించుకునే వీలు, చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేసే వీలు అందులో ఉన్నాయి. ఇవి నిజంగా మేలైనవి. కానీ భరణానికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. ఇలాంటి పరిమితినే 125వ సెక్షన్ నుంచి పార్లమెంటు 2001లో తొలగించింది! 2007లో నిర్ణయించిన ఆ అంకె నేటికీ అదే. మంచం పట్టిన మనిషిని రాత్రింబగళ్లు చూసుకునే ప్రైవేటు ఆశ్రమం రుసుము దానితో తీరదు.

ఈ చట్టం మధ్యతరగతిని ఎక్కడ నిలబెట్టిందన్నది అసలు విషయం. ప్రభుత్వ ఆశ్రమం నిరుపేదలకు. ట్రిబ్యునల్ ఇప్పించే సొమ్ము పదివేలు దాటదు. విశాఖలోనో, గుంటూరులోనో ఒంటరిగా ఉన్న విశ్రాంత ఉపాధ్యాయురాలికి, అమెరికాలో ఉన్న ఆమె కొడుక్కి మిగిలింది బజారు. కోయంబత్తూరు, బెంగళూరు, పుణె, హైదరాబాద్ శివార్లలో ఆ బజారు గత రెండు దశాబ్దాలలో విస్తరించింది. కొన్నిచోట్ల ఇల్లు కొనాలి, కొన్నిచోట్ల పెద్ద మొత్తం డిపాజిట్ కట్టి నెలనెలా రుసుము చెల్లించాలి.

నియంత్రణ మాత్రం నత్తనడకే. జిల్లాల వారీగా వృద్ధాశ్రమాలెన్నో రాష్ట్రాల నుంచి వివరాలు రాబట్టమని కేంద్రాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆదేశించింది. మాజీ న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ వేసిన వ్యాజ్యంలో వచ్చిన తీర్పది. చట్టం వచ్చి పదకొండేళ్లయినా లెక్కే లేదన్నమాట. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ విశ్రాంత గృహాలకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. బిల్డర్, సేవలందించే సంస్థ, నివాసి మధ్య త్రైపాక్షిక ఒప్పందం ఉండాలన్న మంచి ఆలోచన అందులో ఉంది. అయితే అవి రాష్ట్రాలకు సలహాలు మాత్రమే. కొన్న ఇంటికి 2016 నాటి రెరా చట్టం అండ ఉంది. ఆ ఇంట్లో వేళకు మందు వేసే ఆయా అర్హతలకు అలాంటి అండ లేదు.

అదే ఏడాది డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు పదివేల పరిమితిని ఎత్తివేయాలంది, సంరక్షణ గృహాలకూ ఇంటికి వచ్చి సేవలందించే సంస్థలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలంది. అల్లుడిని, కోడలిని బాధ్యుల జాబితాలో చేర్చింది. స్థాయీ సంఘానికి వెళ్లింది, తిరిగి వచ్చింది, చర్చకు నోచుకోలేదు. 2024లో 17వ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. అదే సంవత్సరం అక్టోబరులో 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చును వర్తింపజేశారు. ఆసుపత్రి నుంచి విడుదలయ్యాక నెలల తరబడి సాగే సంరక్షణ ఆ పథకంలో లేదు.

కాబట్టి ప్రైవేటు గృహంలో చేరబోయే కుటుంబానికి దిక్కు తాను సంతకం చేసే కాగితమే. నివాసి మరణిస్తే డిపాజిట్ ఎన్నాళ్లకు, ఎంత కోతతో తిరిగి వస్తుంది? మతిమరుపు ముదిరినా, మంచం పట్టినా అక్కడే ఉంచుకుంటారా, ఖాళీ చేయమంటారా? రుసుము ఏటా ఎంత మేర పెంచవచ్చు? సంస్థ చేతులు మారితే పాత హామీలు ఎవరివి? ఈ నాలుగింటికీ జవాబు ప్రస్తుతం చట్టంలో దొరకదు. ఒప్పందంలో రాసి ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.