నల్లరేగడి నేలల్లో పునాదులు

నల్లరేగడిలో పునాది వేసేటప్పుడు నేల బలంతో పాటు నేల కదలికనూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ మట్టిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వానాకాలంలో కాలు దిగబడే చేను ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేది ఇందుకే. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఈ నేలలు విస్తారం.

లోతు వెడల్పును మించని పునాదిని తక్కువ లోతు పునాది అంటారు. నేల యాంత్రిక శాస్త్రవేత్త కార్ల్ టెర్జాగీ 1943లో పెట్టిన హద్దు ఇది. పిల్లరు మీద 40 టన్నుల బరువు పడి, నేల చదరపు మీటరుకు 10 టన్నులు భద్రంగా మోయగలిగితే, దాని కింద రెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న ఫుటింగు (కాంక్రీటు దిమ్మ) చాలు. రేగడిలో ఈ ఒక్క లెక్కనే నమ్ముకోకూడదు. కుంగే నేలకు ఫుటింగు పెద్దది చేయొచ్చు గానీ ఉబ్బి పైకి నెట్టే నేలకు ఆ మందు పనిచేయదు. ఒక్క అంతస్తు ఇళ్లు తొందరగా పగుళ్లిచ్చేదీ అందుకే. నేలను అణచిపెట్టేంత బరువు వాటికి ఉండదు.

మట్టి గుణం తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో పోస్తారు. ఒకదాన్ని నీళ్లతో, రెండోదాన్ని కిరోసిన్‌తో 100 మిల్లీలీటర్ల గీత దాకా నింపుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. 24 గంటలయ్యాక, దానికంటే నీళ్లలోని మట్టి ఎంత పొంగిందో శాతంలో చెబుతారు.

రేగడి పొర పలచనైతే దాన్ని తీసేసి, కింది మొరం మీద ఫుటింగు వేయడమే మేలు. పొర లోతుగా ఉంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్‌రీమ్డ్ పైల్స్ అనే కాంక్రీటు స్తంభాలు వాడతారు. కనీసం 3.5 మీటర్ల లోతు బోరు వేసి, అడుగు భాగాన్ని పైల్ వ్యాసానికి సుమారు రెండున్నర రెట్ల వెడల్పున బల్బులా తొలుస్తారు. ఆ లోతులో తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు. పై మట్టి ఉబ్బి పైల్‌ను పైకి లాగినా బల్బు లంగరులా పట్టి ఉంచుతుంది. పైల్స్‌ను కలిపే బీము కింద 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీని మట్టితో పూడ్చేస్తే పైల్స్‌కు పెట్టిన ఖర్చంతా వృథా, ఉబ్బిన మట్టి బీమునే ఎత్తేస్తుంది.

ఇల్లు పూర్తయ్యాకా నీటి సంగతి మరవకూడదు. ఒక మూల పైపు కారుతూ, మరో మూల ఎండిపోతూ ఉంటే గోడ తట్టుకోలేదు. అందుకే గోడల చుట్టూ వెడల్పాటి గచ్చు చేయించి, వాననీరు దూరంగా పారేలా వాలు పెట్టించాలి.