ట్యూబు పడలేదు

రాత్రి రెండున్నర. ఓటీ బల్లకు తలవైపు నిల్చున్నావు. మత్తు విభాగంలో పీజీ రెండో ఏడాది. బల్ల మీద నిండు చూలాలు. ఫిట్స్ వచ్చాయి, ముఖమంతా ఉబ్బింది. ప్లేట్‌లెట్లు 40 వేలే. వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం చేరి నరాలు దెబ్బతినొచ్చు. అందుకే పూర్తి మత్తు.

మాస్కు బిగించి ఆక్సిజన్ ఇస్తున్నావు. మూడు నిమిషాలు. ఇందాక బయట సంతకం పెడుతూ, "డాక్టరు గారు ఎప్పుడొస్తారు నర్సమ్మా?" అంది ఆమె అత్త. క్లోరోఫాం భద్రతను పరీక్షించిన 1889 కమిషన్ కాలంలోనే హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూంజీ అనే లేడీ డాక్టరు మత్తిచ్చింది. మత్తిచ్చేదీ డాక్టరేనని జనానికి తెలిసేది ఇంకెప్పుడో!

థయోపెంటోన్. స్కోలిన్. కండరాలు ఒక్కసారి అదిరి సడలిపోతాయి. ఇక ఆమె ఊపిరి నీ చేతిలో.

ఎడమ చేత్తో లారింగోస్కోపు పెట్టి, నాలుకను పక్కకు తోసి పైకి లేపుతావు. గొంతంతా వాపు. స్వరతంత్రులు కనిపించవు. గుడ్డిగా ట్యూబు తోస్తావు. సంచి నొక్కుతావు. తెర మీద కార్బన్ డయాక్సైడ్ గీత లేవదు. ట్యూబు అన్నవాహికలోకి పోయింది. తీసేయ్.

గైనిక్ మేడమ్ చేతిలో కత్తి. "బేబీ హార్ట్ రేటు పడిపోతోంది. కట్ చేయనా?"

ఆక్సిజన్ 94. మానిటర్ బీప్ బొంగురుపోతోంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ దాని స్వరం దిగుతుంది. గర్భిణికైతే ఆక్సిజన్ మరీ త్వరగా పడిపోతుంది.

ట్యూబుకు దారి చూపే సన్నటి బూజీతో రెండోసారి. పడలేదు. 86.

ఇంకొక్కసారి అంటోంది చెయ్యి. ట్యూబు వెయ్యలేనిదానివి నువ్వేం మత్తు డాక్టరువి? 79.

నోరు తెరువు.

"ఇంట్యుబేషన్ ఫెయిల్. సార్‌ని పిలవండి. ఎల్‌ఎంఏ ఇవ్వండి."

అది స్వరపేటిక మీద మూతలా కూర్చుంటుంది. కడుపులోది పైకొస్తే పూర్తిగా ఆపలేదు. కానీ గాలి పోతుంది. నొక్కు. ఛాతీ లేచింది. గీత లేచింది. 74. 74. 81. 90.

లేపాలా? సాగించాలా? ఇలాంటివి సర్జన్లే తేలుస్తారనుకునేదానివి. మేడమ్ నీ వైపే చూస్తోంది.

"కట్ చేయండి మేడమ్."

బిడ్డ ఏడ్చింది. సార్ పరుగున వచ్చేసరికి 98. కేస్ షీట్ తీసుకుంటావు. ట్యూబు రెండుసార్లూ పడలేదు, గొంతు వాపు, ఏ సైజు ఎల్‌ఎంఏ సరిపోయింది, అన్నీ రాసి సంతకం పెడతావు. ఒక కాపీ ఆమెకు. మళ్లీ ఏ ఊళ్లో ఆపరేషనైనా ముందు ఈ కాగితం మత్తు డాక్టరుకు చూపించమని రేపు వార్డులో చెప్పాలి. వాళ్ల అత్త కూడా వినేలా.