కన్నవాళ్ల మీద పడిన నింద: ఆటిజం చరిత్ర

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు ఒకే రకం లక్షణాలున్న 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆటిజం కథ అక్కడే మొదలైందని చాలామంది చెబుతారు. కానీ 1925లోనే మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు దాదాపు అవే లక్షణాలున్న ఆరుగురు మగపిల్లలను ఓపికగా గమనించి రాశారు. మరుసటి ఏడు అది జర్మన్‌లోనూ వచ్చింది. అయినా దశాబ్దాల పాటు ఆమెను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

కానర్ చూసిన పిల్లల్లో మొదటివాడు మిసిసిపీకి చెందిన డొనాల్డ్ ట్రిప్లెట్. అతని తండ్రి కొడుకు నడత గురించి 33 పేజీల ఉత్తరం రాశారు. ఒంటరిగా ఉంటేనే వాడికి హాయి అని, వస్తువులను గిరగిరా తిప్పుతూ కూర్చుంటాడని అందులో ఉంది. వ్యాసంలో డొనాల్డ్ గురించి కానర్ రాసిన చాలా సంగతులు ఆ తండ్రి చూసి చెప్పినవే. అలాంటిది, కొన్నేళ్లకే నేరం కన్నవాళ్ల మీద పడింది. తల్లి ప్రేమ చాలకే బిడ్డ ముడుచుకుపోయాడన్నారు. కానర్ రాతలే దానికి తావిచ్చాయి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే రచయిత ఆ వాదాన్నే పుస్తకంగా తెచ్చి ఎందరినో నమ్మించారు. ఎంతమంది తల్లులు ఆ నింద మోశారో! ఈ చరిత్రలో క్షమించరానిదేదైనా ఉంటే అది ఇదే.

డొనాల్డ్ మాత్రం పెరిగి పెద్దవాడై బ్యాంకులో పనిచేశారు, కారు నడిపారు, దేశాలు తిరిగారు. 2023లో కన్నుమూశారు.

నిందను ఎదుర్కొన్నది కూడా కన్నవాళ్లే. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే ఇది శరీరధర్మానికి సంబంధించినదని వాదించారు. 1969లో తల్లిదండ్రుల సభలోనే కానర్ వాళ్ల తప్పేమీ లేదని ప్రకటించారు. లండన్‌లో, తానూ అలాంటి బిడ్డకు తల్లి అయిన మనోవైద్యురాలు లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్‌తో కలిసి 1979లో చేసిన అధ్యయనంతో ఆటిజం హద్దులు విశాలమయ్యాయి.

ఆ తర్వాత ఆటిజం ఉన్నవాళ్లే నోరు విప్పారు. మా కోసం ఏడవకండని 1993లో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులకు చెప్పారు. మెదళ్ల తీరు రకరకాలుగా ఉండడం సహజమేనన్న ఆలోచన 1990ల చివరికి రూపుదిద్దుకుంది.

మన దేశపు 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజమూ, చదువులో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులూ చేరాయి. కానీ బిడ్డకు మాట రాకపోతే, ఫోన్ అలవాటు చేసి చెడగొట్టావంటూ తల్లినే తప్పుపట్టే చుట్టాలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు.