పులిజూదం: సీమ రాతిబండల మీది యుద్ధక్రీడ

సైన్యాలను చిన్న బొమ్మలుగా మార్చి బల్ల మీద నడిపే యుద్ధక్రీడ చరిత్రను 1824లో ప్రష్యా సైన్యం చేపట్టిన ‘క్రీగ్‌స్పీల్’తోనూ, 1913లో హెచ్.జి. వెల్స్ ప్రచురించిన ‘లిటిల్ వార్స్’తోనూ మొదలుపెట్టడం పరిపాటే అయినా, నందికొట్కూరు వంటి రాయలసీమ ఊళ్లలో ఆ వినోదానికి దగ్గరి బంధువు పులిజూదం. గుడి మండపాల నేలబండల మీదా, రచ్చబండల మీదా గీసే దీని పటం ఒక త్రిభుజం. శిఖరం నుంచి దిగే గీతలూ అడ్డగీతలూ కలిసే 23 చోట్లే ఆటస్థానాలు. ఒకరివి 3 పులులు, మరొకరివి 15 మేకలు; గులకరాళ్లు, చింతపిక్కలే ఇక్కడి సేనలు. మేకలను ఒక్కొక్కటిగా దించాలి, అన్నీ దిగేవరకు ఏ మేకా కదలరాదు. పులి మాత్రం ఈలోపే పక్కనున్న మేక మీదుగా ఆవలి ఖాళీ చోటికి దూకి దాన్ని చంపుతుంది. చంపే శక్తి లేని పక్షం పులుల దారులన్నీ మూసి గెలవాలి కనుక, ఇరువైపులా సమబలాలుండే చదరంగం కంటే ఇదే పాలెగాళ్ల పోరాటాలకు, అనగా సొంత సేనతో గ్రామాలను ఏలిన స్థానిక నాయకుల పోరాటాలకు, దగ్గరగా ఉన్నదనడం సబబు.

ఆ పోరాటాలను ఊరివారి చెవులకు చేర్చినవి జానపద వీరగాథలు. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి చేసి, ఈస్టిండియా కంపెనీ సేనలను ఎదిరించిన పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పాటగా సీమలో వ్యాపించింది; ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలోనే ఉరితీశారు.