అమీనా వచ్చిన వీధి

‘ఫలానాయన ఐ.పి. పెట్టేశాడటమ్మా!’ అని మనం ఎంత తేలిగ్గా అనేస్తుంటామో ఎప్పుడైనా గమనించారా? ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మగారు కూడా తడబడకుండా అనే మాట అది. ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే ‘నా దగ్గర ఇంకేమీ లేదు, అప్పులు తీర్చలేను’ అని బాకీదారు కోర్టుకు పెట్టుకునే అర్జీ. 1907లో ఒక చట్టం, దాని స్థానంలో 1920లో ఇంకో చట్టం వచ్చాయి. కనీసం 500 రూపాయల అప్పు ఉన్నవాడు ఈ అర్జీ పెట్టుకోవచ్చునన్నారు. నిజంగా చితికిపోయినవాడికి ఊపిరి పీల్చుకునే దారి చూపించడం దాని ఉద్దేశం. కాని మన ఊళ్ళలో ఆ మాటకి స్థిరపడిన అర్థం వేరు. డబ్బు ఎక్కడో దాచేసి, పైకి చేతులెత్తేశాడని!

అసలు ఎగ్గొట్టేవాడి గురించి మనకున్న మాటలన్నీ నవ్వు పుట్టించేవే. కుచ్చుటోపీ పెట్టాడంటాం, పంగనామం పెట్టాడంటాం, శఠగోపం పెట్టాడంటాం. పోగొట్టుకున్నవాడి నెత్తినీ నుదుటినీ తలుచుకుని నవ్వుకుంటాం. అదే అమీనా గురించి ఒక్క సరదా మాట ఉందేమో వెతకండి, దొరకదు. కోర్టు డిక్రీ పట్టుకుని జప్తుకు వచ్చే ఆ ఉద్యోగి వీధి మొగలో కనబడితే చాలు, తలుపులు మూసుకునేవారు. నెల జీతానికి పనిచేసే ఆ మనిషిని యమదూతలా చూసి, మాట తప్పినవాణ్ణి చూసి నవ్వుకోవడం మనకి ఎలా అలవాటైంది?

కోర్టులూ అమీనాలూ లేని రోజుల్లో అప్పు వసూలు సౌమ్యంగా జరిగేదనుకోకండి. ఇచ్చిన సొమ్ము రాబట్టుకోవడానికి మనుస్మృతి అయిదు దారులు చెప్పింది. మంచిమాట, దావా, మోసం, ఆచారం, చివరికి బలప్రయోగం. ఆచారమంటే బాకీదారు గుమ్మంలో కూర్చోవడం, అతని పశువుల్నో, పెళ్ళాం బిడ్డల్నో పట్టి ఉంచడం అని వ్యాఖ్యానం రాశారు. పదమూడో శతాబ్దం చివర మన తీరానికి వచ్చిన మార్కోపోలో సంగతి మీరు వినే ఉంటారు. రుద్రమదేవి ఏలిన మోటుపల్లి గురించి రాసింది ఆయనే. దానికి దక్షిణాన తమిళ తీరంలో ఆయన ఒక వింత చూశాడు. రేపుమాపని తిప్పుతున్న బాకీదారు కనబడితే, అప్పిచ్చినవాడు అతని చుట్టూ నేలమీద గీత గీసేవాడట. బాకీ తీర్చేదాకా, లేదా తగిన హామీ ఇచ్చేదాకా ఆ గీత దాటకూడదు, దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఒక విదేశీ వర్తకుడికి బాకీపడి తిప్పుతున్న రాజుగారే గుర్రం మీద వెళుతుంటే, ఆ వర్తకుడు గుర్రం చుట్టూ గీత గీశాడట. రాజు కదలకుండా నిలబడి, వర్తకుడికి సమాధానం చెప్పుకున్నాకే ముందుకు వెళ్ళాడట. చూసినవాళ్ళంతా రాజు న్యాయబుద్ధిని మెచ్చుకున్నారని రాశాడు.

ధర్నా అన్న మాట కూడా అప్పుల దగ్గరనుంచి వచ్చిందే. అప్పిచ్చినవాడు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా బాకీదారు వాకిట్లో కూర్చునేవాడు. అతను అక్కడ ప్రాణం విడిస్తే ఆ పాపం ఇంటివాళ్ళకి చుట్టుకుంటుందని భయం. లోపల పొయ్యి మీద ఎసరు పెట్టుకున్న ఇల్లాలు ఆ అన్నం ఎలా వార్చేదో, పిల్లలకి ఎలా పెట్టేదో చరిత్ర పుస్తకాల్లో రాయలేదు, మనమే ఊహించుకోవాలి. దేవుడి ఆగ్రహం తగులుతుందని బెదిరించి పని చేయించుకోవడం నేరమని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పి, దానికి ఉదాహరణగా ఈ ధర్నానే చూపించింది.

ఇక కంపెనీవారి కోర్టులూ, ఆ తర్వాత దొరతనంవారి కోర్టులూ వచ్చాక ఆ పని డిక్రీకి అప్పగించారు. ఆ డిక్రీ ఎంత కీడు చేయగలదో మన గోదావరి జిల్లా రంప కొండల్లో తెలిసింది. కింది ప్రాంతపు వర్తకులు కొండవాళ్ళకి అప్పులిచ్చి, కాగితాలు రాయించుకుని, కొండ దిగితేగాని కనబడని కోర్టుల్లో దావాలు వేశారు. ఆ పిలుపు కొండవాడికి అందదు, అందినా అర్థం కాదు. అతను హాజరు కాకపోయేసరికి ఏకపక్షపు డిక్రీ అయిపోయేది. దాన్ని పట్టుకువచ్చి, చిన్న బాకీకి ఎన్నో రెట్లు విలువైన పశువుల్నీ పంటనీ తోలుకుపోయారు, మోసుకుపోయారు. ఇదంతా సర్కారు హుకుం అని చెప్పేవారు, కొండవాళ్ళు నమ్మేవారు. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల వేధింపు వీటికి తోడయ్యాయి. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో రంప తిరుగుబాటు మొదలైంది. అల్లూరి సీతారామరాజుగారి పోరాటానికి నలభై ఏళ్ళకు పైగా ముందు సంగతి ఇది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజన్సీకి ప్రత్యేకంగా చట్టం చేసి, వడ్డీకి హద్దు పెట్టి, కొండవాళ్ళ భూములు ఇతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది.

పట్నాల్లో, పల్లెల్లో తిరుగుబాట్లు లేవుగాని టముకు ఉండేది. స్థిరాస్తి జప్తు చేసేటప్పుడు ఆ ఆస్తి దగ్గర టముకు వేసి చాటాలని, ఉత్తర్వు నకలు అందరికీ కనబడేచోట అంటించాలని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. కొనేవాళ్ళు మోసపోకుండా ఆ ఏర్పాటు. కాని టముకు శబ్దం కొనేవాడి కన్నా ముందు పక్కింటి చెవిన పడుతుంది. జప్తు కన్నా ఆ మోతకే మనుషులు ఎక్కువ కుంగిపోయేవారు.

మా అమ్మమ్మ చెబుతుండేది. వాళ్ళ వీధిలో ఎవరింటికైనా అమీనా వస్తున్నాడని కబురు తెలిస్తే చాలు, ఆడవాళ్ళంతా పెరటి గోడల మీదుగా ఆ ఇంటి ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, గుండిగలు తమ ఇళ్ళకి దాటించేసేవారట. ఆ ఇల్లాలు మాత్రం మంగళసూత్రాలు పైటకొంగులో దాచుకుని పూజగదిలో కూర్చునేదట. అలా ఒకరికొకరు ఆదుకోవడం ఎంత గొప్ప సంగతి! తీరా ఆ చట్టంలో ఏముందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. వంట పాత్రలు, కట్టుబట్టలు, మంచాలు, పక్కబట్టలు జప్తు చేయకూడదని అందులోనే రాసి ఉంది. మతాచారం ప్రకారం స్త్రీ తీసివేయకూడని నగలు కూడా ముట్టుకోకూడదు. చేతిపనివాడి పనిముట్లు, రైతు నాగలి, బతకడానికి కావలసిన ఎడ్లు, విత్తనాలు కూడా అంతే. సూర్యాస్తమయం అయ్యాక, మళ్ళీ సూర్యోదయం అయ్యేదాకా అమీనా ఇంట్లో అడుగుపెట్టకూడదు. ఘోషా పాటించే స్త్రీ ఉన్న గదిలోకి వెళ్ళాలంటే ముందు చెప్పి, ఆమె తప్పుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదు. ఇవన్నీ 1908 నుంచీ ఉన్న సంగతులు. పెరటి గోడ దాటిన ఆ గుండిగ దాటకపోయినా పొయ్యి మీదే ఉండేదన్నమాట! ఈ ముక్క ఆ ఇల్లాలికి చెప్పినవారెవరు?

ఇంకో విడ్డూరం చూడండి. బాకీదారుని సివిల్ జైల్లో పెట్టించాలంటే అతని తిండి ఖర్చు, బత్తా అంటారు, అప్పిచ్చినవాడే ముందుగా కోర్టులో కట్టాలి. కట్టడం మానేస్తే అతన్ని వదిలేస్తారు. అసలూ పోయె, వడ్డీ పోయె, పైన భోజనం కూడా పెట్టవలసి వచ్చెనని షావుకార్లు ఏడ్చేవారంటే ఏడవరూ! 1936లో ఈ జైలుకు ఇంకో పగ్గం వేశారు. చేతిలో ఉండి కూడా ఇవ్వనివాడికో, ఆస్తి దాచేసినవాడికో, పారిపోయేవాడికో తప్ప లేనివాడికి జైలు తగదన్నారు. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌గారు, కేవలం బీదతనం వల్ల బాకీ తీర్చలేనివాణ్ణి జైలుకు పంపడం రాజ్యాంగానికే విరుద్ధమని తీర్పు చెప్పారు.

చట్టం లేనివాణ్ణీ ఎగ్గొట్టేవాణ్ణీ విడదీసి చూసింది. వీధి మాత్రం అలా చూడలేదు. రెండెకరాలు పోయి వీధిన పడినవాణ్ణి చూసి మొహం తిప్పుకున్నాం. ఆస్తంతా భార్య పేర రాసేసి, ఐ.పి. పెట్టి, మరుసటేడు కొత్త మేడ కట్టినవాణ్ణి ‘గడుసువాడు’ అన్నాం, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆ భార్య మాటేమిటి? రిజిస్ట్రారు ఆఫీసులో చూపించినచోట సంతకం పెట్టింది, అంతే. ఐ.పి.కి వెనకటి రెండేళ్ళలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయవచ్చని 1920 చట్టంలో ఉంది. అలా రద్దయినప్పుడు బోనెక్కి జవాబు చెప్పవలసింది ఆవిడ, నలుగురూ వేలెత్తి చూపించేదీ ఆవిడనే.

అప్పిచ్చేవాడంటే కోరమీసాల షావుకారే గుర్తొస్తాడు మనకి. కాని సుమతీ శతకకారుడు ఊళ్ళో ఉండితీరవలసినవాళ్ళలో మొట్టమొదట అప్పిచ్చేవాణ్ణే లెక్కపెట్టాడు. పైగా ఆ అప్పిచ్చేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉండేవారు. చిన్నతనంలో భర్త పోయి, చేతికొచ్చిన నాలుగు రాళ్ళూ వీధిలోవాళ్ళకి తిప్పుకుని, ఆ వడ్డీతో పూట గడుపుకునేవారు. 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో రైతుల ఋణ విముక్తి చట్టం తెచ్చింది. ధరలు పడిపోయి రైతులు కుప్పకూలిన కాలం అది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దు చేశారు. అసలుకు రెండింతలు కట్టేసి ఉంటే అప్పు మొత్తం తీరిపోయినట్టే. అందులోనే ఒక చిన్న మినహాయింపు ఉంది. వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన బాకీకి, అసలు 3,000 రూపాయలు మించకపోతే, ఈ చట్టం వర్తించదు. ఆ ముక్క రాసినవాళ్ళెవరోగాని, వాళ్ళకి మన వీధులు తెలుసు!

గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. గిరీశాన్ని చూసి ఇప్పటికీ కడుపుబ్బ నవ్వుతాం. సామాన్లు తెస్తానని చెప్పి పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు పట్టుకుపోయి తగలేసినవాడు, ఫోటోల బాకీకి వచ్చినవాణ్ణి మాటలతో తిప్పి పంపినవాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకుని వచ్చేసరికి మంచం కింద దూరతాడు. దెబ్బలు ఇంకొకరికి తగులుతాయి, గిరీశం తప్పించుకుపోతాడు. హాలంతా చప్పట్లు! నేనూ కొట్టాను. కాని ఆవిడ ఎవరు? నలుగురికి వండిపెట్టి బతికే వితంతువు. ఆ డబ్బు ఆవిడకి తిరిగి ముట్టిందా అని ఏ ప్రేక్షకుడూ అడగడు. ఆవిడకి అమీనా లేడు, డిక్రీ లేదు, ఉన్నదల్లా ఆ చీపురే.

తీర్చేవాడి మీద మనకి గౌరవం లేదని కాదు. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగాంతం దాకా వడ్డీ కడుతూనే ఉంటాడని మనం చెప్పుకునే ఏడుకొండలవాణ్ణి ‘వడ్డికాసులవాడా’ అని నోరారా పిలుచుకుంటాం. తండ్రి బాకీ కొడుకు తీర్చకపోతే తండ్రికి సద్గతి లేదని నమ్మినవాళ్ళం. ధర్మశాస్త్రపు ఆ బాధ్యతను కోర్టులు కూడా చాలాకాలం అమలు చేశాయి. ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణలోనే దానికి స్వస్తి చెప్పారు. ఆ తర్వాత చేసిన అప్పులకు, కేవలం కొడుకైనందుకే అతని మీదికి వెళ్ళడానికి వీల్లేదు.

ఇప్పుడు మన గుమ్మాల్లోకి అమీనా రావడం అరుదు. వచ్చేవాళ్ళు వేరు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు గొడవ గుర్తుందా? వాయిదా కట్టలేని మనిషి ఇంటి ముందు, ఆమె గ్రూపులోని తోటి ఆడవాళ్ళనే కూర్చోబెట్టారు. పూర్వపు ధర్నా కాదూ ఇది? ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ తర్వాత ఫోనులో అప్పిచ్చే యాప్‌లు వచ్చాయి. బాకీదారు ఫోనులో ఉన్న పేర్లందరికీ ఫోటోలు పంపి, తిట్లు పంపి వసూలు చేశారు. 2020 డిసెంబరులో హైదరాబాదులో పోలీసులు ఇలాంటివాళ్ళని పట్టుకున్నారు. టముకు చప్పుడు ఒక వీధికే వినబడేది, ఇది దుబాయిలో ఉన్న మేనల్లుడి దాకా పోతుంది.

అమీనా చేతిలో వారంటు ఉండేది. దాని మీద తేదీ, సంతకం, కోర్టు ముద్ర, ఏ రోజులోగా అమలు చేయాలో ఆ గడువు ఉండేవి. ఫోనులో అరిచేవాడికి పేరైనా ఉండదు. అందుకని ఈ సంగతి కూడా రాసిపెట్టుకోండి. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకూ ఫైనాన్సు కంపెనీలకూ ఉత్తర్వు ఇచ్చింది. వసూలుకు పెట్టుకున్న ఏజంట్లు బాకీదారుకి ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోను చేయకూడదు. నలుగురిలో అవమానించకూడదు, ఇంట్లోవాళ్ళనీ స్నేహితులనీ కదిలించకూడదు. 1908లో అమీనాకి పెట్టిన సూర్యాస్తమయం కట్టుబాటే ఇది, గడియారం మాటల్లో చెప్పారు. ఆ వేళ దాటాక ఫోను మోగితే అవతలివాడి పేరు, సంస్థ పేరు అడిగి, తేదీ, టైము వేసి పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే రాసిపెట్టుకోండి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు పనికొస్తుంది.