ఇమాంబేగ్ బావి

2022లో ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. మర్నాడే మొదటి రోజా. చైత్రమూ రంజానూ ఒకే అమావాస్య దాటి మొదలయ్యాయి. ఇట్లా కలవడం ఎప్పుడోగానీ జరగదు. వాళ్ల పంచాంగం మధ్యమధ్య అధికమాసం వేసి చైత్రాన్ని ఎండల మొదట్లోనే కట్టి ఉంచుతుంది. మన హిజ్రీ నెలలకు ఆ కట్టు లేదు. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ అన్ని రుతువులూ తిరుగుతాయి. 'వాళ్ల పంచాంగం' అని రాసేశాను గానీ, చిన్నప్పుడు మా ఇంట్లో మేకుకు వేలాడిందీ అదే. అమావాస్య ఎప్పుడో చూసుకుని అమ్మీ నెలవంక లెక్క కట్టేది.

ఆ ఏడాది ఒంటిమిట్ట కల్యాణం ఏప్రిల్ 15న, శుక్రవారం రాత్రి. కడపలో జుమ్మా నమాజు చదివి బస్సెక్కాను. రాజంపేట దారిలో పాతిక కిలోమీటర్లు. రోజా ఉండి ఆ ఎండలో ఎందుకు పోయానంటే, ఇమాంబేగ్ బావిని తిరునాళ్ల జనం మధ్య చూడాలని చాలా ఏళ్లుగా ఉండింది.

భద్రాచలంలో రాముడి పెళ్లి నవమి పగలు. ఒంటిమిట్టలో మాత్రం పున్నమి వెన్నెల్లో, రాత్రి పూట. పగటి పెళ్లి చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే రాముడు మాటిచ్చాడని చెప్పుకుంటారు. రాష్ట్రం రెండు ముక్కలై భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన లాంఛనాలు ఇక్కడికి మార్చింది. గుడి తిరుమల దేవస్థానం చేతికి పోయింది. అప్పటిదాకా ఆ సీమ జనం తిరునాళ్లుగా ఉన్నది రాష్ట్ర పండగైంది. ముఖ్యమంత్రులు పట్టువస్త్రాలు తేవడం, బారికేడ్లు, పోలీసులు, పెద్ద పెద్ద తెరలు అన్నీ వచ్చాయి.

ఇక బావి కథ. కడప నవాబు అబ్దుల్ నబీ ఖాన్ ప్రతినిధి ఇమాంబేగ్ 1640లో ఇక్కడికొచ్చాడట. గుడికి పోయేవాళ్లను ఆపి, "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?" అని అడిగాడట. మనసుపెట్టి పిలిస్తే పలుకుతాడన్నారు. అతను మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ "ఓ" అని లోపల్నుంచి జవాబొచ్చింది. కరిగిపోయి గుడి అవసరాలకు బావి తవ్వించాడు. అది అతని పేరుమీదే ఉంది. పత్రికలు, గుడి గురించిన పుస్తకాలు అన్నీ ఈ కథనే చెబుతాయి. మతసామరస్యం మీద ఉపన్యాసమిచ్చే ప్రతివాడికీ ఇది కంఠతా వచ్చు.

ఆ సంవత్సరం మాత్రం ఆ నవాబుతో పొసగదు. 1640 నాటికి ఈ సీమ ఇంకా విజయనగరపు చివరి రాజుల పేరుమీదే ఉంది. సిద్ధవటం కేంద్రంగా మట్లి రాజులు ఏలుతున్నారు. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా గండికోట పట్టింది 1650లో. ఆ మీర్ జుమ్లాను కలవడానికి 1652లో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఒంటిమిట్ట గోపురం చూసి మెచ్చుకున్నాడంటారు. కడప నవాబు అబ్దుల్ నబీ ఖాన్ అయితే పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగం మనిషి. కాబట్టి అయితే సంవత్సరం తప్పు, లేకపోతే నవాబు పేరు తప్పు. ఇన్నేళ్లుగా ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టి అచ్చేస్తున్నారు. ఎవరూ ఆగి లెక్క చూడలేదు. ఎందుకు చూస్తారు? ఆ కథలో వాళ్లకు కావలసింది ఇమాంబేగ్ కాదు, ఆ "ఓ".

గోల్కొండ తానీషా కథ గుర్తు తెచ్చుకోండి. రామలక్ష్మణులే వచ్చి బాకీ కడితేగానీ గోపన్నను విడిచిపెట్టడు. బీబీ నాంచారి కథలో సుల్తాను కూతురు విగ్రహాన్ని ప్రేమించి దాని వెంట దక్షిణానికి నడిచొస్తుంది. ఇక్కడ ఇమాంబేగ్ పరీక్ష పెట్టి ఓడిపోతాడు. ముగ్గురూ మనవాళ్లే, ముగ్గురూ మహిమ చూశాకనే మంచివాళ్లవుతారు. మహిమ లేకుండా ఒక తురక మంచి పని చేసినట్టు చెప్పే కథ ఎందుకింత తక్కువ?

అట్లాగని ఈ కథల్ని చెత్తబుట్టలో వెయ్యలేను. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లిం ఆడవాళ్లు బెల్లం, చింతపండు, టెంకాయ పట్టుకుని పోతారు. ఎందుకమ్మా అంటే, నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, అది ఆమె అత్తగారిల్లు అంటారు. కథ లేకపోతే ఆ వాకిలి తెరుచుకునేది కాదు. ఇది షిర్క్, పోతే దీన్ పోతుందని మన మౌల్వీలు ఇప్పుడు మైకుల్లో చెబుతున్నారు. ఎన్నో తరాలుగా పోతున్న మన నానీలు, దాదీలు బేదీన్ అయిపోయారా? ఈ మాట వాళ్ల ముందు అడిగే ధైర్యం నాకూ చాలా ఏళ్లు లేదు.

బావి గోడమీద చెయ్యిపెట్టి లోపలికి తొంగిచూశాను. నోరు ఎండిపోయి ఉంది. ఎండాకాలం, వేలమంది జనం, వంటలకు, పూజకు, తాగడానికి నీళ్లు కావాలి. ఒక అధికారి అది చూశాడు, బావి తవ్వించాడు. ఇంతకంటే కారణం ఎందుకు? నీళ్లు లేవని తెలిస్తే బావి తవ్వించడం ఏలేవాడి ధర్మం, ఇస్లాంలో సవాబు కూడా. దేవుడు పలికాడో లేదో నాకు తెలియదు. నేను అతన్ని తలుచుకోవాలనుకునేది మాత్రం బావి తవ్వించినవాడిగా.

తిరునాళ్లలో కడప నుంచి వచ్చిన ఒక గాజులామె పక్కన కూర్చున్నాను. ఆమె కూడా రోజాలో ఉంది. పెళ్లి చూడొచ్చిన ఆడవాళ్లకు పొద్దుట్నుంచీ గాజులు తొడుగుతూనే ఉంది. పసుపు రాసుకున్న ఆ చేతుల్ని నొప్పి పెట్టకుండా పిసికి తొడగడం వాళ్ల అత్త నేర్పిందట. "ఎన్ని పరసలు తిరుగుతావు ఆపా?" అన్నాను. "యాడ పిలిస్తే ఆడికి పోతాము బాబూ. ఈ నడమ పోయేముందు ఒకసారి అడుక్కోవాలంటున్నారు, రానిస్తారా లేదా అని."

ఆమె భయం ఉత్తది కాదు. ఆ మార్చిలోనే పక్క కర్ణాటకలో జాతర్లలో ముస్లిం వ్యాపారులకు చోటివ్వొద్దని మొదలైంది. తీరప్రాంతంలో మొదలై మిగతా జిల్లాలకూ పాకింది. మనకూ ఆ వాసన కొత్త కాదు. ఒంటిమిట్ట రాష్ట్ర పండగైన 2015లోనే, నవంబరులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 426 తెచ్చింది. దేవాలయాల దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనరాదని దాని సారాంశం. శ్రీశైలంలో ఏళ్ల తరబడి అంగళ్లు నడుపుకునే ముస్లింలు కోర్టుకు పోయారు. 2019లో హైకోర్టు జీవోనే సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, మతం కారణంగా వేలంనుంచి ఎవరినీ తప్పించొద్దంది. బావి తవ్వించినవాడిని ఏటా పొగుడుతాం, బొమ్మలమ్ముకునేవాడు మాత్రం కోర్టు కాగితం చేత పట్టుకుని రావాలి. ఒంటిమిట్టలో ఆ రోజు ఎవరూ ఎవరినీ అడ్డుకోవడం నేను చూడలేదు. ఆ మాట కూడా రాయాలి.

పొద్దు గుంకింది. అజాన్ వినపడే దూరంలో మసీదు లేదు. ఆమె ఫోన్లో టైం చూసుకుని ఖర్జూరం తీసింది, నాకొకటి ఇచ్చింది. నీళ్లు అయిపోయాయి. పక్కన బొరుగులమ్మే ఆయన చెంబు తెచ్చి, "తాగక్కా, పొద్దుట్నుంచీ చూస్తన్నా, గుక్క నీళ్లు ముట్లేదు" అన్నాడు. రోజా అని అతనికి తెలుసు. అయినా ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు.

రాత్రి వెన్నెల్లో తలంబ్రాలు పోశారు. నేను తెరమీదే చూశాను, ముందుకు పోవడానికి పాసులు కావాలి. తెల్లవారుజామున సహరీకి అందరికంటే ముందు లేచింది గాజులామే. శనివారం తేరు రోజు, బేరం ఎక్కువుంటుందని రాత్రి మిగిలిన ఎర్ర గాజులన్నీ ముందు వరసలోకి సర్దుకుంటూ ఉంది.