షెడ్డు ఎయ్యకముందే ఎండకాలం ముచ్చట

సలిమంట కాడ కూసోని ఎండకాలం ముచ్చటేంది తాతా అని నవ్వకు మనుమడా. రేకుల షెడ్డేసి బాయిలర్ కోళ్లు తెస్తనంటివి గదా, ఇప్పుడు ఇనకుంటే మే నెలల ఇన్నా లాభం లేదు.

మా అమ్మ కాలంల కోళ్లకు షెడ్డు యాడిది? రాత్రి గంప కింద కమ్మేది, పొద్దుగాల ఇడిసేది. ఎండ ముదిరితే అవే బాయికాడికో, చింతచెట్టు కిందికో పోయి, మన్ను గీరి సల్లటి జాగల కడుపు ఆనిచ్చి పండేటియి. కుండపెంకుల నీళ్లు పోసుడే మా అమ్మ పని. షెడ్డుల పెట్టిన కోడి యాడికి పోతది? నీడ, గాలి, నీళ్లు అన్నీ నువ్వే సూడాలె.

కోడికి చెమట పట్టదు. దాని ఒళ్లు మామూలుగనే 41 డిగ్రీలుంటది. ఎండ ఎక్కువైతే రొప్పుడొక్కటే దానికి దిక్కు. నోరు తెరిచి రొప్పుతాంది, రెక్కలు ఎడంగ పెట్టిందంటే నీకు జెప్తున్నట్టే. దాణా ముట్టదు, నీళ్లు మస్తు తాగుతది, రెట్ట పల్చగ పడ్తది. గుడ్ల కోడైతే గుడ్డుపెంకు పల్చనైతది. మెడ ఏలేసిందంటే ఆలస్యమైనట్టే.

2015 మే యాదికుందా? ఆ వడగాలికి ఆంధ్ర, తెలంగాణల కలిపి రెండువేలకు పైగా మనుషులే పోయిండ్రు, ఇగ కోళ్లెంత? పక్కూరి షెడ్డు కాడ పొద్దూకాల కుప్పలు పోసిండ్రు. అన్నీ బాగ బలిసినయే, రేపో మాపో బండెక్కేటియి. పెద్ద ఒంటికి వేడి ఎక్కువ, దిగుడు కష్టం. ఆ రైతు బలమొస్తదని పగటాల్ల దాణా నిండుగ పోసిండు. తిన్నది అరిగేటప్పుడు ఒళ్లు ఇంక కాగుతదని ఆయనకెవలు చెప్పలే. ఎండకాలంల పొద్దున పదింటికల్లా దాణా తీసెయ్యాలె. మల్ల సల్లబడ్డంకనే పెట్టాలె, తెల్లారుజామున లైటేసి ఇంత పెట్టాలె. మందులు, గులుకోజు తర్వాత సంగతి. నన్నడిగితే సగం కోళ్లను కాపాడేది ఈ దాణా ఏళనే.

నీళ్ల ట్యాంకు ఎండల పెట్టకు, పైపుల నీళ్లు కాగితే కోడి ముట్టదు. గోనెసంచి చుట్టి తడుపుతుండు. రేకులకు తెల్లసున్నం కొట్టి, మీద వరిగడ్డి పరువు. ఇప్పుడే కోతలైనయి, గడ్డి దాసిపెట్టుకో. పక్కలకు తడి గోనెపట్టాలు కట్టొచ్చు గని గాలి మూసుకపోవద్దు. గాలాడని షెడ్డుల నీళ్లు చిమ్మితే ఉక్కకు ఇంక జల్ది పోతయి. వానకాలంల పట్టేటన్ని కోళ్లు ఎండకాలంల ఎయ్యకు, తక్కువెయ్యి.

గుంజలు పాతకముందు మేస్త్రికి గట్టిగ జెప్పు: షెడ్డు పొడుగు తూర్పు పడమర ఉండాలె, పొద్దటి ఎండ, మాపటి ఎండ లోపలికి కొట్టద్దు. ఆయన జాగ కలిసిరాదంటే రెండు గుంటల పక్క జాగ కూడ కలుపుకో, గని దిక్కు మాత్రం మార్చనియ్యకు.